రైలు దిగినవారు తలయెత్తి చూడవలసినవి

రైలు దిగిన మనిషికి సాధారణముగా మూడే వస్తువులు కనబడును. ఒకటి తన సామాను, రెండవది బయటకు పోవు దారి, మూడవది గడియారము. తల పైకెత్తి కప్పు వంక, గోడల వంక చూచువారు అరుదు. మేమును అట్టివారమే. గత విద్యాసంవత్సరములో మా కళాశాల ఉర్దూ, తెలుగు శాఖల విద్యార్థులము కొందరము నాంపల్లిలో హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, మరునాడు తెల్లవారుజామున బొంబాయిలో ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్‌లో దిగినాము. చీకటిలో ఊరు తిరుగుట క్షేమము కాదని మా వెంట వచ్చిన అధ్యాపకులు మమ్ములను అక్కడనే కూర్చుండబెట్టినారు. ఆ నిర్బంధము వలననే మేము ఆ కట్టడమును చూడగలిగినాము. వెలుతురు వచ్చిన పిదప రోడ్డు దాటి ఎదుట నిలబడి ఒక గంటసేపు తలలు ఎత్తి చూచినాము. ఆ గంటలో మాకు కలిగిన ఆలోచనలను, తిరిగి వచ్చిన తరువాత గ్రంథాలయములో చదివి తెలిసికొన్న సంగతులను, వాటి వలన మాకు ఏర్పడిన అభిప్రాయమును ఈ సంచిక పాఠకుల ముందు ఉంచుచున్నాము.

ముందుగా స్థలచరిత్ర. 1853 ఏప్రిల్ 16వ తేదీన మన దేశములో మొట్టమొదటి ప్రయాణికుల రైలు ఈ ప్రాంతమునందలి బోరీబందరు నుండియే ఠాణాకు బయలుదేరినది. దూరము 34 కిలోమీటర్లు. పెట్టెలు 14, అతిథులు సుమారు 400 మంది, లాగిన ఇంజనులు మూడు. వాటి పేర్లు సుల్తాన్, సింధ్, సాహిబ్. ఆనాటి స్టేషను సామాన్యమైనది. దాని స్థానములో ఈ మహాభవనమును 1878లో మొదలుపెట్టి పదేండ్లకు, అనగా 1888 నాటికి, పూర్తి చేసినారు. వాస్తుశిల్పి ఫ్రెడరిక్ విలియం స్టీవెన్స్. ఖర్చు సుమారు 16 లక్షల 14 వేల రూపాయలు. 1887లో బ్రిటిషు రాణి పాలన స్వర్ణోత్సవము సందర్భమున దీనికి విక్టోరియా టెర్మినస్ అని పేరు పెట్టినారు. 1996లో ఆ పేరు ఛత్రపతి శివాజీ టెర్మినస్‌గా మారినది. 2017లో దానికి మహారాజ్ అను పదము చేరినది. 2004లో యునెస్కో వారు దీనిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినారు.

ఇవన్నియు పరీక్షలకు పనికివచ్చు విషయములు. మమ్ములను నిలబెట్టినవి వేరు. ప్రవేశద్వారపు రెండు స్తంభములపై రెండు మృగములు కూర్చున్నవి. ఒకటి సింహము, అది బ్రిటనుకు గుర్తు. రెండవది పులి, అది భారతదేశమునకు గుర్తు. ప్రధాన గుంబజుపై 16 అడుగుల 6 అంగుళముల ఎత్తుగల స్త్రీమూర్తి నిలిచియున్నది. కుడిచేత పైకెత్తిన కాగడా, ఎడమచేతి చెంత ఆకుల చక్రము. ఆమె పేరు ప్రగతి. భవనపు ముఖభాగముల శిఖరములపై వ్యవసాయము, ఇంజనీరింగు, వాణిజ్యము మూర్తులుగా నిలిచినవి. గోడలపై నెమళ్లు, కోతులు, లతలు, ఆకులు, రకరకాల తలపాగాలు ధరించిన ముఖములు ఉన్నవి. స్థానిక రైళ్ల టిక్కెట్లు అమ్ము హాలునకు నక్షత్రశాల అని అర్థము వచ్చు పేరు గలదు. దాని కప్పునకు ఒకప్పుడు నీలము వేసి బంగారు నక్షత్రములు దిద్దినారట. ఆ హాలులో ఇటలీ పాలరాయియు, నునుపు చేసిన మన దేశపు నీలిరాయియు పక్కపక్కన కలవు. రోజూ లక్షలాది మంది దాని క్రిందనే క్యూలలో నిలబడి టిక్కెట్టు కొందురు.

గడియారము క్రింద ఒక గూడు ఖాళీగా ఉన్నది. ఒకప్పుడు అందులో విక్టోరియా రాణి విగ్రహము ఉండెడిది. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత తీసివేసినారు. గూటిని మాత్రము పూడ్చలేదు. దాని స్థానములో వేరొకరి విగ్రహమును పెట్టలేదు. ఈ ఖాళీ గూడు గురించి మేము మళ్లీ ప్రస్తావింతుము.

గోడపై వృత్తములలో చెక్కిన కొందరి ముఖములు కలవు. వారు రైల్వే కంపెనీ పెద్దలు, నాటి పాలకులు. వారి నడుమ ఇద్దరు భారతీయులు కలరు. ఒకరు సర్ జంషెట్‌జీ జీజీభాయ్, మరియొకరు జగన్నాథ్ శంకర్‌సేఠ్. ఒకరు పారశీకులు, ఒకరు హిందువులు. ఇరువురును రైలు మార్గమునకై తొలినాళ్లలో పాటుపడినవారు. జీజీభాయ్ గారి విషయములో మాకు ఆశ్చర్యము కలిగించిన సంగతి ఒకటున్నది. బొంబాయిలో చిత్రకళ, శిల్పకళ నేర్పు పాఠశాల పెట్టుటకై ఆయన లక్ష రూపాయలు ఇచ్చినారు. 1857లో ఆ పాఠశాల ప్రారంభమైనది. 1859లో ఆయన పరమపదించినారు. ఇరువది సంవత్సరముల తరువాత ఈ స్టేషను కట్టునప్పుడు గోడలపై ఆకులు, పక్షులు, జంతువులు చెక్కినది ఆ పాఠశాల విద్యార్థులే. విద్య కొరకు ఇచ్చిన సొమ్ము రాతిపై పూచిన పువ్వుగా తిరిగి వచ్చినదన్నమాట. ఏ కళాశాల పాలకవర్గము వారికైనను ఇంతకు మించిన ఉదాహరణ మేము చూపలేము.

ఆ విద్యార్థులను నడిపిన అధ్యాపకుడు జాన్ గ్రిఫిత్స్. ఈ పేరు మన ప్రాంత చరిత్రకు దూరమైనది కాదు. 1872 నుండి 1885 వరకు ఆయన తన విద్యార్థులను వెంటబెట్టుకొని అజంతా గుహలకు పోయి అచ్చటి చిత్రములకు ప్రతులు వ్రాయించినారు. అజంతా అప్పుడు నిజాం రాజ్యములోనిది. ఆ ప్రతులలో అనేకము 1885లో లండను మ్యూజియములో జరిగిన అగ్నిప్రమాదములో కాలిపోయినవి. తరువాతి కాలములో హైదరాబాదు పురావస్తుశాఖ డైరెక్టరు గులాం యజ్దానీ గారు ఆ గుహలను కాపాడించి, 1930 నుండి 1955 వరకు నాలుగు సంపుటములలో అజంతా చిత్రములను లోకమునకు అందించినారు. బౌద్ధుల చిత్రములను కాపాడుటకు ఒక ముస్లిం పండితుడు జీవితము ధారవోసినాడు. బొంబాయి స్టేషను గోడపై నెమలిని చెక్కిన చేతులు అజంతా గోడల యెదుట కుంచె పట్టిన పాఠశాలవే. ఒక కట్టడమును చదువబోయినచో మరియొక కట్టడము తలుపు తెరచుకొనుట అనగా ఇదియే.

ఇంకొక బంధమును చెప్పవలసియున్నది. స్టీవెన్స్ పేరు అందరికిని తెలియును. ఆయనకు సహాయ ఇంజనీరుగా పనిచేసిన రావుసాహెబ్ సీతారాం ఖండేరావు పేరు, పని పర్యవేక్షించిన ఎం. ఎం. జనార్దన్ పేరు ఎందరికి తెలియును? వారి క్రింద రాళ్లు మోసినవారి పేర్లు ఏ వృత్తములోను చెక్కబడలేదు. పందొమ్మిదవ శతాబ్దములో నిజాం రాజ్యపు తెలుగు పల్లెల నుండి పొట్ట చేతబట్టుకొని బొంబాయి పోయి, కట్టడముల పనులలో కూలి చేసిన మనవారిని అక్కడివారు కామాఠీలు అని పిలిచినారు. వారు నివసించిన పేటకు కామాఠీపుర అను పేరు నేటికిని నిలిచియున్నది. ఆ నగరపు పెద్ద కట్టడములను చూచునప్పుడు తెలుగువాడు తనను పరాయివానిగా భావించుకొన నక్కరలేదు.

ఇక్కడ మా తోటి విద్యార్థి యొకరు అడిగిన ప్రశ్నను దాచుట న్యాయము కాదు. “ఇంత పొగడుట ఎందుకు? దీనిని కట్టినది మనలను ఏలినవారు. మన పత్తిని ఓడరేవునకు చేర్చుకొనుటకు, తమ సైన్యములను నడుపుకొనుటకు రైలు వేసికొన్నారు. రాణి పేరు పెట్టుకొన్నారు. సింహమును కూర్చుండబెట్టినారు. మనకు ఇందులో గర్వింపదగినది ఏమున్నది?” అని ఆయన అడిగినారు. ప్రశ్న సరియైనదే. దానికి సమాధానము గోడపై లేదు, లెక్కలలో ఉన్నది.

ఈ స్టేషను కట్టిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే కంపెనీకి 1849లో జరిగిన ఒప్పందము ప్రకారము నూటికి 5 చొప్పున వడ్డీకి హామీ ఇచ్చినారు. రైలుపై లాభము అంతకు తగ్గినచో లోటును ఖజానా నుండి పూరింపవలెను. ఖజానా నిండునది రైతు కట్టు శిస్తుతో. అనగా లండనులో వాటాలు కొన్నవానికి నష్టభయము లేదు. నష్టము వచ్చినచో భరించువాడు రైలు మొగమైనను చూడని రైతు. నష్టభయము లేనివానికి పొదుపు చేయవలెనను బెంగయు ఉండదు. ప్రగతి దేవత చేతిలోని చక్రము తిరుగుటకు నూనె పోసినది ఎవరో దీనివలన తెలియుచున్నది.

మన హైదరాబాదు రైల్వే కథయు ఇట్టిదే. బొంబాయి నుండి వచ్చు మార్గమును వాడి దగ్గర కలుపుకొని 1874లో సికింద్రాబాదు వరకు రైలు వచ్చినది. తరువాత ఏర్పడిన కంపెనీ పేరును గమనింపుడు: నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. ఆ గ్యారంటీ అను పదమును ఎన్నో పాఠ్యపుస్తకములలో చదివి దాటిపోయినాము. అది కంపెనీకి నిజాం ప్రభుత్వము ఇచ్చిన వడ్డీ హామీ. 1883లో చాందా వైపు రైలుమార్గము వేయు పథకము వచ్చినప్పుడు హైదరాబాదులోని కొందరు విద్యావంతులు ఒకచోట చేరి, ఒప్పందపు షరతులను ప్రజలకు తెలుపవలెననియు, తొందరపడి సంతకము చేయరాదనియు కోరినారు. వారిలో ముఖ్యులు సరోజినీ నాయుడు గారి తండ్రి, విద్యావేత్త అఘోరనాథ చట్టోపాధ్యాయ గారు. ముల్లా అబ్దుల్ ఖయ్యూం గారు ఆయనతో కలిసి నిలిచినారు. ఆ అపరాధమునకు అఘోరనాథ గారిని రాజ్యము నుండి బహిష్కరించినారు. కొంతకాలమునకు ఆయన తిరిగి రాగలిగినారు. 1889లో రైలు బెజవాడ చేరినది. 1930లో నిజాం ప్రభుత్వము కంపెనీ నుండి రైల్వేను కొనివేసినది. రైలు మనదైనది. ఆనాడు ప్రశ్న అడిగిన పెద్దల ముఖములు ఏ స్టేషను గోడపైనను మాకు కనబడలేదు.

కాబట్టి మా అభిప్రాయము ఇది. పాతకట్టడమును గురించి రెండు తప్పుడు మాటలు వినబడుచున్నవి. అది పాలకులది గావున మనకు పట్టదనుట మొదటిది. అది అందమైనది గావున దాని లెక్కలు అడుగరాదనుట రెండవది. కట్టడమును నిలుపవలెను, దాని నిజమును పూర్తిగా చెప్పవలెను. బొంబాయిలోని ఖాళీ గూడు మాకు ఈ విధముగానే అర్థమైనది. రాణిని దించినారు, గోడను పడగొట్టలేదు. చూచినవాడు “ఇక్కడ ఎవరుండెడివారు? ఎందుకు దించినారు?” అని అడుగును. ఆ ప్రశ్న ఉన్నంతకాలము చరిత్ర సజీవముగా ఉండును. ఆ స్టేషను అంతటితో ఆగలేదు కూడ. 1925 ఫిబ్రవరి 3వ తేదీన దేశములో మొదటి విద్యుత్ రైలు అక్కడినుండియే కుర్లాకు నడచినది. 2008 నవంబరు 26వ తేదీ రాత్రి ముష్కరుల తుపాకులకు ఆ స్టేషనులో 58 మంది బలియైనారు. ప్రకటనలు చదువు ఉద్యోగి యొకరు తన గది విడువక మైకులో ప్రయాణికులను హెచ్చరించుచు ఎందరినో కాపాడినారు. మరునాడు మళ్లీ రైళ్లు నడచినవి. రాణి పేర వెలసిన భవనము ఈ విధముగా ప్రజల భవనమైనది.

ఇక మన ఇంటి సంగతి. కాచిగూడ స్టేషను 1916లో, ఏడవ నిజాం కాలమున కట్టినది. గుంబజులు, మీనారులతో నేటికిని పనిచేయుచున్నది. ఘోషా స్త్రీలు ఇతరుల కంటబడకుండ రైలు ఎక్కుటకు అందులో ప్రత్యేకమైన దారి ఏర్పరచినారని మనలో ఎందరికి తెలియును? సికింద్రాబాదులో పునర్నిర్మాణము కొరకు పాత ముఖద్వార భవనమును 2025లో తొలగించినారు. పెరుగుచున్న ప్రయాణికులకు చోటు కావలెను. దానిని మేము కాదనము. కాని పడగొట్టుటకు ముందు ప్రతి కమానును, ప్రతి అక్షరమును కొలిచి, గీసి, వ్రాసియుంచు అలవాటు మన విద్యాసంస్థలకు ఉండవలెను గదా. అందరివలె మేమును వార్తాపత్రికలో ఫొటో చూచి నిట్టూర్చి ఊరకున్నాము.

మాకు ఎదురైన ఒక చిన్న అనుభవము చెప్పెదము. బొంబాయి నుండి వచ్చిన ఉత్సాహముతో ఒక ఆదివారము మా ప్రాంతములోని రైలుస్టేషను చెంతనున్న పాత ముసాఫిర్‌ఖానాను చూడబోయినాము. గుమ్మముపై శిలాఫలకము ఒకటి ఉన్నది. పై సగము ఉర్దూ, క్రింది సగము తెలుగు. తెలుగు శాఖవారికి పై సగము గీతలు మాత్రమే. ఉర్దూ శాఖవారిలో కొందరికి క్రింది సగము అంతే. పై సగములో ఫసలీ సంవత్సరము ఉన్నది. ఫసలీకి 590 కలిపినచో క్రీస్తుశకము వచ్చునని మా ఉర్దూ అధ్యాపకులు చెప్పినారు. బాటసారులు ఏ మతమువారైనను మూడు రాత్రులు ఉచితముగా ఉండవచ్చునని అందులో వ్రాసియున్నది. క్రింది సగములో బావి త్రవ్వించినవారి పేరు, ఇటుకలు ఇచ్చినవారి పేరు ఉన్నవి. రెండు సగములలోను ఒకే మాట లేదు. ఒకటి చదివినవానికి నియమము తెలియును, దాత తెలియడు. రెండవది చదివినవానికి దాత తెలియును, నియమము తెలియదు. సగము మేము, సగము వారు చదివి ఒక కాగితముపై పూర్తిగా వ్రాసికొన్నాము. రెండు నెలల తరువాత అచ్చుప్రతి తీయుదమని మళ్లీ పోగా, ఆ ఫలకమునకు దట్టముగా రంగు పూసియుండిరి. అడుగగా, “పాతదైపోయినది, ఎవరు చదువుదురు?” అన్నారు.

“ఎవరు చదువుదురు?” అను ఆ మాటకు మా వద్ద వెంటనే జవాబు లేకపోయినది. పూసినవారిపై మాకు కోపము లేదు. చదువువారు లేరని వారికి నమ్మకము కలిగించినది మనమే. మన రైలు స్టేషనుల బోర్డులపై తెలుగు, హిందీ, ఇంగ్లీషులతో పాటు ఉర్దూ అక్షరములును పలుచోట్ల కనబడును. ఆ రెండు లిపులును ఒకే ప్రాంగణములో నేర్పుచున్న విద్యాసంస్థలు ఎన్ని? అట్టి అదృష్టము మన కళాశాలకు కలదు. మధ్యాహ్న భోజనవేళ ఒకే చెట్టు క్రింద కూర్చుండి, తరగతి గంట మ్రోగగానే చెరియొక వరండాలోనికి పోయి, ఒకరి అక్షరము ఒకరికి తెలియకయే డిగ్రీ పుచ్చుకొని పోవుట మాత్రము మాకు బాధగా ఉన్నది.

కావున కళాశాల పాలకవర్గము వారికి మూడు మనవులు చేయుచున్నాము. మొదటిది: ఉర్దూ శాఖ విద్యార్థులకు తెలుగు లిపి, తెలుగు శాఖ విద్యార్థులకు ఉర్దూ లిపి నేర్పుటకు వారమునకు ఒక గంట కేటాయింపవలెను. పరీక్ష అక్కరలేదు. బోర్డు చదువగలిగినచో చాలును. రెండవది: గ్రంథాలయములో ఒక పెద్ద రిజిస్టరు ఉంచవలెను. మన పట్టణములోని స్టేషను, సరాయి, బావి, మసీదు, గుడి, పాఠశాల, గడియారస్తంభము, వీటిపైనున్న ప్రతి శాసనమును విద్యార్థులు యథాతథముగా ఎత్తివ్రాసి, కొలతలతో బొమ్మ గీసి, తేదీ వేసి అందులో చేర్చవలెను. ముసాఫిర్‌ఖానా ఫలకపు కాగితము మొదటి పుటగా ఇచ్చుటకు మేము సిద్ధముగా ఉన్నాము. మూడవది: ప్రతి సంవత్సరము విహారయాత్రకు పోవునప్పుడు ఒక దినమైనను ఒకే కట్టడమునకు కేటాయింపవలెను. పది ఊళ్లు పరుగున చూచి పది ఫొటోలు తెచ్చుకొనుట కంటె ఒక గోడ యెదుట ఒక గంట నిలబడుట వలన మాకు ఎక్కువ లాభము కలిగినది.

వీటికి పెద్ద ఖర్చు కాదు. జీజీభాయ్ గారు ఇచ్చినట్లు లక్షలు ఎవరును ఇయ్యనక్కరలేదు. ఒక రిజిస్టరు, రెండు కొలత టేపులు, వారమునకు ఒక గంట చాలును.

తోటి విద్యార్థులకు ఒక్క మాట. మీరు రేపు ఉద్యోగములకై, పై చదువులకై రైలెక్కి ఏ ఊరు పోయినను, దిగిన తరువాత ఒక్క నిమిషము సామాను నేలపై ఉంచి తల పైకెత్తి చూడుడు. కట్టించినవాని పేరు ఎక్కడో ఒకచోట ఉండును, దానిని చదువుడు. కట్టినవాని పేరు ఉన్నదేమో వెదకుడు. లేకున్నచో సొమ్ము ఎవరిదో అడుగుడు. సెలవులకు వచ్చినప్పుడు ఆ సంగతిని రెండు లిపులలోను మన రిజిస్టరులో వ్రాసిపొండు.